కొలువు వదిలే హక్కు: విశాఖ సిపాయిల నుంచి అగ్నివీరుల దాకా

దళితులూ సైన్యమూ అనే విషయం మీద ఇప్పటిదాకా మనం రాసుకున్నదంతా లోపలికి పోయే గుమ్మం గురించే. మహర్లను సైన్యంలో చేర్చుకోవడం 1892లో ఆపేస్తే గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ రాయడం, ఆ తర్వాత శివరామ్ జాన్బా కాంబ్లే అర్జీలు పెట్టడం, 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడటం, 1943లో పుట్టిన చమార్ రెజిమెంటును 1946లో రద్దు చెయ్యడం - ఈ వరస మన సభల్లో చాలాసార్లు విన్నదే. మేమూ యోధులమే, మమ్మల్ని ఎందుకు రానివ్వరు అన్నది ఆ చరిత్ర వేసిన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కాని గుమ్మానికి రెండో వైపు కూడా ఉంటుంది కదా. లోపలికి పోయినవాడు తనంత తానుగా బయటికి రాగలడా? నాకీ కొలువు వద్దు, ఇంటికి పోతానని అనగలడా? అంటే ఏమవుతుంది? దీన్ని మనం గట్టిగా అడగలేదు. అగ్రవర్ణ చరిత్రకారులు ఎటూ అడగరు. వాళ్ళకి సైన్యమంటే దేశభక్తి, లేదంటే తిరుగుబాటు. ఆ రెంటికీ మధ్య నెల జీతానికి చేసే ఒక ఉద్యోగం ఉందన్నది వాళ్ళ కంటికి ఆనదు.

మనకి మాత్రం పని వదిలే హక్కు చిన్న విషయం కాదు. అంటరాని కులాల చరిత్రలో పని దొరక్కపోవడం ఒక బాధైతే, దొరికిన పని వదల్లేకపోవడం అంతకంటే పాత బాధ. ఉత్తరాంధ్రలో కంబారితనం, మిగతా కోస్తాలో పాలేరుతనం ఇలాంటివే. ముందుగా అప్పు, దానికి ఏడాది చాకిరీ, అప్పు తీరేదాకా కామందు గడప దాటడానికి లేదు. విశాఖ ఏజెన్సీలో గిరిజనుల మీద సాగిన ఇదే దోపిడీకి గోతి అని పేరు. దాన్ని రద్దు చెయ్యడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. తెల్లవాడి చట్టం కూడా కామందు పక్షమే. 1859 నాటి 13వ చట్టం ప్రకారం బయానా తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు జైలుకు పంపవచ్చు. కూలీ మానేస్తే నేరం. కామందు మాన్పిస్తే నేరం కాదు. ఈ చట్టాన్ని తీసెయ్యడానికి 1925 దాకా ఆగారు. 1928లో అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో పెట్టిన వతన్ బిల్లును ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. తరతరాల గ్రామ చాకిరీ నుంచి మహర్లు బయటికి నడిచిపోయే దారి ఒకటి ఉండాలన్నదే ఆ బిల్లు ప్రాణం. అది అప్పట్లో చట్టం కాలేకపోయింది. మహర్ వతన్ రద్దు కావడానికి 1958 రావలసి వచ్చింది.

ఈ చాకిరీ తప్పించుకోవడానికి మన వాళ్ళు వెతుక్కున్న దారుల్లో రంగం ఓడ ఒకటి, నాతాల్ చెరుకు తోటలు ఒకటి, మిలట్రీ ఒకటి. నాతాల్‌కి పోయినవాడు అయిదేళ్ళ ఒప్పందంలో ఇరుక్కున్నాడు. మిలట్రీకి పోయినవాడికి జీతం వచ్చింది, బట్టలు వచ్చాయి, ఊళ్ళో చెప్పులు తొడుక్కుని నడిచే ధైర్యం వచ్చింది. ఇది తక్కువేం కాదు. అయితే వదల్లేని పని నుంచి పారిపోయి మళ్ళీ వదల్లేని పనిలోకే వెళ్ళాడన్న సంగతి మనం మర్చిపోకూడదు.

మా చోడవరం నుంచి విశాఖ రేవు అరవై కిలోమీటర్ల లోపే. ఈ కథ మొదలయ్యేది ఆ రేవులోనే. 1780 సెప్టెంబరు 10న పొళ్ళిలూరు దగ్గర హైదరాలీ, టిప్పు సైన్యాలు కల్నల్ బైలీ దళాన్ని తుడిచిపెట్టాయి. మద్రాసు కంపెనీకి గుండె జారింది. ఉత్తర సర్కార్లలో ఉన్న సిపాయిల్ని ఓడల మీద వెంటనే పంపమని కబురు వచ్చింది. అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిల్ని ఓడ ఎక్కమన్నారు. వాళ్ళు ఎక్కమన్నారు. ఒక సుబేదారు ముందుండగా అధికారుల మీదికి తుపాకులు తిప్పారు. ఇంగ్లీషు వాళ్ళు కొందరు చనిపోయారు. సిపాయిలు ఖజానా మీద పడ్డారు, ఆ తర్వాత ఊరు వదిలి వెళ్ళిపోయారు. కంపెనీ వాళ్ళని వేటాడింది. పట్టుబడ్డ నాయకుడికి మరణశిక్ష వేసింది.

దీన్ని 1857 కంటే 77 ఏళ్ళ ముందు జరిగిన మొదటి స్వాతంత్ర్య పోరాటమని విశాఖ వాళ్ళు కొందరు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడటానికి నాకు అభ్యంతరం లేదు. కాని జరిగిన దాన్ని జరిగినట్టు చూద్దాం. ఆ సిపాయిలు కోట పట్టుకుని రాజ్యం ఏలుతామని కూర్చోలేదు. వెళ్ళిపోయారు. ఈ నేలమీద కొలువుకి కుదిరిన మనిషిని, ఆలుబిడ్డల్ని ఇక్కడ వదిలేసి, ఎప్పుడు తిరిగొస్తాడో తెలియని యుద్ధానికి ఓడ మీద పంపితే, ఇది నేను ఒప్పుకున్న కొలువు కాదని అనే హక్కు అతనికి ఉందా లేదా అన్నదే అక్కడ తగాదా. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే సర్వీసు షరతుల తగాదా. దానికి అర్జీ పెట్టుకునే చోటు లేదు, రాజీనామా అనే కాగితం లేదు. ఉన్నవి రెండే: ఓడ, లేదా తుపాకి.

ఆ కాలంలో వదిలిపోవడానికి కట్టిన వెల ఎంతో తెలియాలంటే 1764 చూడాలి. ఆ ఏడు బీహారులో జీతం, బహుమానం సంగతి మీద కొలువు విడిచి నడిచిపోయిన కంపెనీ సిపాయిల్ని పట్టుకొచ్చి, ఇరవై మందికి పైగా ఫిరంగి మూతులకు కట్టి పేల్చేశారు. చేయించినవాడు హెక్టర్ మన్రో. 1780లో మద్రాసులో సైన్యాధిపతిగా ఉండి బైలీకి సాయం అందించలేకపోయినవాడూ ఆ మన్రోయే.

విశాఖలో చచ్చిన ఇంగ్లీషు అధికారుల పేర్లు జిల్లా చరిత్రల్లో దొరుకుతాయి. మామూలు సిపాయిల పేర్లు దొరకవు. కులాలు అసలే దొరకవు. కాబట్టి వాళ్ళలో మాలలెంతమంది, తురకలెంతమంది అని నేను లెక్క కట్టబోవడం లేదు. మద్రాసు సైన్యంలో ముస్లింలు, తెలుగు శూద్ర కులాలు, తమిళులు, పరయలు, మాలలు, క్రైస్తవులు కలిసే ఉన్నారన్నది మాత్రం తెలిసిన సంగతి. 1756లో క్లైవు బెంగాలుకు ఓడల మీద తీసుకుపోయిన సిపాయిల వల్ల ఉత్తరాదిలో సిపాయికే తిలంగా అన్న పేరు స్థిరపడిందంటే మన వాళ్ళ పాత్ర ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఇంకో మాట. 1824లో బారక్‌పూర్‌లో బెంగాలు సిపాయిలు బర్మా యుద్ధానికి కదలమన్నప్పుడు వాళ్ళ మీద ఫిరంగులు పేల్చారు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం దగ్గర మొదలుపెట్టి ఆ కథని పుస్తకాలు విపులంగా చెప్తాయి. అదే యుద్ధానికి మద్రాసు సైన్యం ఓడలెక్కి పోయింది. పోగొట్టుకోవడానికి అలాంటి కులం లేనివాడికి సముద్రం అడ్డు కాదు. అంతమాత్రాన అతనికి వద్దనే మనసు లేదని కాదు కదా! అగ్రకులపు సిపాయి వద్దంటే అది మత విశ్వాసం, కింది కులపువాడు వద్దంటే అది క్రమశిక్షణ లేకపోవడం. చరిత్ర రాతలో ఈ తేడా ఇప్పటికీ ఉంది.

సిపాయి వదిలితే ఇంత గొడవ. మరి సర్కారు వదిలేస్తే? 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర దక్షిణాది వాడు యుద్ధానికి పనికిరాడని తీర్మానించాడు. వీరజాతుల సిద్ధాంతం ఊపందుకుంది. తెలుగువాళ్ళ భర్తీ పడిపోయింది. మద్రాసు పటాలాల్ని ఒక్కొక్కటిగా పంజాబీలతో నింపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చి 1917లో 111వ మహర్ల పటాలం పెట్టారు, అవసరం తీరాక 1921లో ఎత్తేశారు. మిగిలిన మద్రాసు పదాతి పటాలాలూ ఆ తర్వాత కొన్నేళ్ళలో రద్దయ్యాయి. రెండో యుద్ధం రాగానే 1941-42లో మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. కావాలంటే పిలవడం, వద్దంటే పొమ్మనడం. ఈ రెండు హక్కులూ సర్కారు దగ్గర పదిలంగా ఉన్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు దేశీ సిపాయి కనీసం మూడేళ్ళకు చేరేవాడు. ఆ మూడేళ్ళు నిండాక, యుద్ధం లేని రోజుల్లో, కావాలంటే డిశ్చార్జి తీసుకుని ఇంటికి పోవచ్చు. పెన్షను కావాలంటే 21 ఏళ్ళు చెయ్యాలి. తెల్లవాడు మంచివాడని కాదు నేను చెప్పేది. భర్తీకి మనుషులు బారులు తీరే చోట పోయేవాణ్ణి ఆపడం దండగని వాడి లెక్క. కాని ఆ లెక్కలో సిపాయికి దక్కిన వెసులుబాటు స్వతంత్ర భారతంలో పెరగలేదు, తగ్గింది.

యుద్ధకాలంలో అయితే ఎవరికీ వెసులుబాటు లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు చాలా భాగం ఖాళీ అయింది. పోవడానికి వీల్లేనివాళ్ళు ఒంటి మీద యూనిఫారం ఉన్నవాళ్ళే. యుద్ధం అయిపోయింది, కాని వాళ్ళని వదల్లేదు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నావికుల సమ్మెకి కూడు బాగోలేకపోవడం, తెల్ల అధికారుల బూతులు కారణమని చదువుకుంటాం. వాళ్ళ డిమాండ్లలో తొందరగా విడుదల చెయ్యడం, విడుదలయ్యాక బతుకుతెరువు చూపించడం కూడా ఉన్నాయి. విశాఖలోని నౌకాదళ స్థావరం హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్ నావికులు కూడా ఆ సమ్మెలో కలిశారు. విడిచిపెట్టు అన్నది, విడిచిపెట్టాక గాలికి వదలకు అన్నది - ఈ రెండూ ఒకే కోరిక అని ఆ నావికులకి తెలుసు.

రాజ్యాంగం వచ్చింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. మన ఉద్యమాలకి ఆ అధికరణం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. దానికి పది అధికరణాల దూరంలో 33వ అధికరణం ఉంది. సైనికులకు ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తిస్తాయో పార్లమెంటు తేల్చవచ్చునంటుంది అది. 1950 సైనిక చట్టం అలా వచ్చిందే. ఆ చట్టం 18వ సెక్షను ప్రకారం సైనికుడు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం కొలువులో ఉంటాడు. సైనికుడి ఇష్టం గురించి అలాంటి సెక్షను లేదు. చెప్పకుండా పోతే 39వ సెక్షను కింద మూడేళ్ళ దాకా శిక్ష. 30 రోజులు దాటి రాకపోతే విచారణ జరిపి పారిపోయినవాడిగా రాస్తారు. 38వ సెక్షను కింద దానికి ఏడేళ్ళ దాకా జైలు, యుద్ధ విధుల్లో ఉండగా అయితే మరణశిక్ష కూడా వెయ్యవచ్చు. ఒప్పందం ముగియక ముందే తన కోరిక మీద డిశ్చార్జి అడగడానికి 1954 సైనిక నియమాల్లో 13వ నియమం కింద వీలుంది. అయితే అది హక్కు కాదు, అధికారి దయ.

మన చట్టాలకి మూలమైన బ్రిటన్‌లో ఇవాళ సైనికుడు నాలుగేళ్ళు చేశాక ఏడాది నోటీసిచ్చి వెళ్ళిపోవచ్చు. వాళ్ళ సైన్యమేం కూలిపోలేదు.

కాగితం మీది చట్టం పేటలోకి వచ్చేసరికి ఏమవుతుందో చోడవరం అవతల ఒక పేటలో విన్నాను. బంగ్లాదేశ్ యుద్ధం అయిన కొత్తలో చేరిన పెద్దాయన ఆయన, నేను తాతా అని పిలుస్తాను. "సేరీటప్పుడు ఎత్తు సూసినారు, సాతీ సూసినారు, పరిగెట్టించినారు. పేరు కొట్టీమంటే మాత్రం కాయితం సూడమన్నారు బాబూ" అన్నాడు. పన్నెండేళ్ళ సర్వీసు దగ్గర తండ్రి పోయాడు, తల్లి మంచాన పడింది. డిశ్చార్జి అడిగాడు, కుదరదన్నారు. రెండోసారి అడగలేదు. ఎందుకని అడిగితే, "మరి మూడేళ్ళు ఓర్సుకుంటే పింఛను. అది ఒగ్గీసొస్తే ఇక్కడేటున్నాది? మళ్ళీ ఆళ్ళ కళ్ళానికే" అన్నాడు.

నాకు తాళం ఎక్కడుందో ఆ మాటతోనే అర్థమయింది. అసలు తాళం 38వ సెక్షనులో లేదు. పదిహేనేళ్ళ పెన్షను గీటులో ఉంది. ఆ గీటు దాటకుండా తన కోరికతో వచ్చేసినవాడికి పెన్షను లేదు. అంతే కాదు, ఇప్పుడున్న ప్రభుత్వ నిబంధనల ప్రకారం అలాంటివాడు మాజీ సైనికుడి లెక్కలోకే రాడు. అంటే మాజీ సైనికుల కోటా ఉద్యోగం కూడా రాదు. పదేళ్ళు సరిహద్దులో నిలబడ్డవాడు ఒక సంతకంతో ఏమీ కాకుండా పోతాడు. పదెకరాల మాగాణి ఉన్న ఇంటి కుర్రాడు పదేళ్ళకి విసుగెత్తి వచ్చేస్తే అతనికి పోయేది కొంత సొమ్ము. భూమి లేని పేట కుర్రాడికి పోయేది మొత్తం బతుకు. చట్టంలో కులం మాట ఎక్కడా లేదు. కాని వదిలే హక్కు ఎవరికి ఎంత ఖరీదో నిర్ణయించేది ఊళ్ళోని భూమే, భూమి వెనక ఉన్న కులమే. పారిపోయిన సైనికుణ్ణి పట్టుకోవడానికి సాయపడమని సైనికాధికారి స్థానిక అధికారుల్ని అడగవచ్చునని అదే చట్టం చెప్తుంది. ఆ కాగితం పట్టుకుని పోలీసు జీపు పేటలోకి రావడం ఎలా ఉంటుందో మన పాఠకులకి నేను వర్ణించనక్కర్లేదు.

పెన్షను విలువని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా పేటలో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కిన ఇద్దరూ మిలట్రీ వాళ్ళ పిల్లలే. మొదటి స్లాబు ఇల్లు మిలట్రీ ఇల్లే. అందుకే మన వాళ్ళు సైన్యాన్ని తిట్టలేరు, నేనూ తిట్టను. కాని మంచి కూలి ఇచ్చే కామందు దగ్గర కూడా పని మానే హక్కు ఉండాలా వద్దా అంటే, ఉండాలనే కదా మనం ఇన్నాళ్ళూ కొట్లాడింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1879 రంప పితూరీని అణచడానికి మద్రాసు పటాలాల్ని ఏజెన్సీకి పంపారు. (అప్పుడు దాడి జరిగిన చోడవరం ఠాణా గోదావరి ఏజెన్సీలోది, మా చోడవరం కాదు. ఈ రెంటినీ కలిపేసి రాస్తున్నారు కాబట్టి చెప్తున్నాను.) పేదవాడి మీద పేదవాణ్ణి తుపాకి ఎత్తమంటే ఆ పని నాకొద్దని పోయే దారి సిపాయికి లేదు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధుల మీద కాల్చనన్న చంద్రసింగ్ గఢ్వాలీకి యావజ్జీవ శిక్ష పడింది. ఆయన బయటికి వచ్చింది 1941లో. వదిలే హక్కు సిపాయి బతుకుతెరువుకే కాదు, అతని తుపాకి ఎదురుగా నిలబడ్డవాడి ప్రాణానికీ సంబంధించింది.

2019 జులైలో సుప్రీంకోర్టు అమిత్ కుమార్ రాయ్ కేసులో తీర్పు చెప్పింది. వాయుసేనలో కింది హోదాలో ఉన్న ఉద్యోగి ఒకరు బ్యాంకు పరీక్ష రాసి ఎంపికయ్యాడు, తనని వదలమన్నాడు. ఒప్పందకాలం మధ్యలో తన ఇష్టం వచ్చినట్టు వెళ్ళిపోయే హక్కు సైనికుడికి లేదని, దళం అవసరాలు ముందని కోర్టు తేల్చింది. వాయుసేనలో కింది హోదాల వాళ్ళకి మొదటి ఒప్పందమే 20 ఏళ్ళు. ఇంటరు అయిన కుర్రాడు వేలిముద్ర వయసులో చేసిన సంతకం అతన్ని నడివయసు దాకా కట్టేస్తుంది. మధ్యలో చదువుకుని పైకి పోదామన్న ఆశ కలిగితే అది దళానికి అసౌకర్యం. చదువు వల్ల పని వదిలిపోతాడన్న భయం కామందులకి ఎప్పట్నుంచో ఉంది. బోయి భీమన్న పాలేరు నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకోవడమే ఆ భయానికి జవాబు.

మరి 20 ఏళ్ళ పట్టు ఇంత అవసరమైతే, 2022 జూన్‌లో అగ్నిపథ్ ఎలా వచ్చింది? నాలుగేళ్ళకే ఒప్పందం. నూటికి పాతిక మంది దాకానే ఉంచుకుంటారు, మిగతావాళ్ళు పోవలసిందే. పోయేటప్పుడు వడ్డీ కాక పది లక్షల చిల్లర సేవానిధి చేతిలో పెడతారు, అందులో సగం వాడి జీతంలోంచి కోసిందే. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న పేరు లేదు. ఆ నాలుగేళ్ళ మధ్యలో తన కోరిక మీద మాత్రం అగ్నివీరుడు వెళ్ళిపోకూడదు, అసాధారణ పరిస్థితుల్లో పైఅధికారి ఒప్పుకుంటే తప్ప. అదే నెల 17న సికింద్రాబాద్ స్టేషన్లో నిరసనకి వచ్చిన కుర్రాళ్ళ మీద రైల్వే పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు చనిపోయాడు. వాళ్ళడిగింది ఉద్యోగ భద్రత. వాళ్ళ కోపంలో న్యాయముంది. కాని మధ్యలో వదలకూడదన్న షరతు గురించి మన సంఘాలు కూడా అడగలేదు. పొమ్మనే రోజు ముందే రాసిపెట్టినప్పుడు, పోతాననే మాటకి అనుమతి ఎందుకు? బ్రిటన్‌లోలాగా నోటీసు గడువు ఎందుకు పెట్టరు? పదిహేనేళ్ళ గీటు బదులు, చేసినన్నేళ్ళకి తగ్గ పెన్షను ఎందుకివ్వరు? డిశ్చార్జి కాదన్నప్పుడు కారణం కాగితం మీద రాసివ్వడానికి అడ్డేమిటి?

ఈ ప్రశ్నలకి పనికొచ్చే ఆధారాలు ఢిల్లీలోనే లేవు, మన పేటల్లోనూ ఉన్నాయి. సైనిక చట్టం 23వ సెక్షను ప్రకారం సర్వీసు ముగిసిన ప్రతి సైనికుడికీ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎవరి అధికారంతో ముగిసింది, ఏ కారణంతో ముగిసింది, మొత్తం ఎంతకాలం చేశాడు అన్నవి ఇంగ్లీషులోనూ, అతని మాతృభాషలోనూ రాయాలి. విద్యార్థులు, టీచర్లు పూనుకుంటే ఈ కాగితాలు సేకరించవచ్చు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం చుట్టుపక్కల పేటల్లో నల్ల ట్రంకు పెట్టె లేని మిలట్రీ ఇల్లు నేను చూడలేదు. పెట్టె తెరిపించి, కారణం అన్న చోట ఏం రాశారో, అది తెలుగులో రాశారో లేదో, అడిగి నిరాకరణ పొందినవాళ్ళ కాగితాలు ఎవరైనా దాచారో లేదో చూడాలి. పెద్దవాళ్ళు వెళ్ళిపోతున్నారు. పెట్టెలకి చెద పడుతోంది.